పోఖరాలో పిల్లలతో నెల రోజులు: వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 27 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. ఐదేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఈమధ్య ఉద్యోగం మారాను, కొత్త కంపెనీలో చేరడానికి రెండు నెలల గడువు దొరికింది. ఆరో తరగతి నుంచి హాస్టల్లోనే చదువుకున్నాను. అందుకేనేమో ఇంటికి దూరంగా పెరిగే పిల్లలంటే నాకు మొదట్నుంచీ మనసు లాగుతుంది. నేపాల్‌లో పోఖరా దగ్గర ఒక బాలగృహంలో నాలుగు వారాలు ఉండే వాలంటీర్ ప్రోగ్రాం ఆన్‌లైన్లో చూసి పేరిచ్చాను. ఫీజు 68,000 రూపాయలు, సగం కట్టేశాను. పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం, హోంవర్క్ చేయించడం, ఆడించడం నా పని. వాళ్లు నన్ను అడిగినవి పాస్‌పోర్ట్ కాపీ, టీషర్ట్ సైజు. ఈమధ్య వారానికోసారి అక్కడి తొమ్మిదేళ్ల పాపతో వీడియో కాల్‌లో మాట్లాడిస్తున్నారు. నన్ను దిదీ అని పిలుస్తుంది, ఎప్పుడొస్తావని అడుగుతుంది. అమ్మ ‘పుణ్యం వస్తుంది, వెళ్లు’ అంటోంది. నా రూమ్మేట్ మాత్రం ‘నువ్వెళితే ఆ పిల్లలకు చెడే జరుగుతుంది’ అని ఏవేవో వీడియోలు పంపింది. ప్రేమగా నెల రోజులు గడిపితే చెడు ఎలా జరుగుతుంది? అందరూ ఇలాగే మానేస్తే ఆ పిల్లల్ని చూసేదెవరు?
— ఎస్.కె., హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, వెళ్లకు.

ముందే తేల్చి చెప్పడానికి కారణం ఉంది. మిగతా సగం ఫీజు ఎప్పటిలోగా కట్టాలో నువ్వు రాయలేదు. ఈ జవాబు తీరిగ్గా చదివి ముగించేలోపు కట్టేస్తావేమోనని నా భయం. ఆ డబ్బు ఆపి, తర్వాత మిగతాది చదువు.

మీ రూమ్మేట్ మాట మొరటుగా ఉంది. నువ్వొక్కదానివి వెళ్లినంత మాత్రాన ఏ పాప బతుకూ పాడైపోదు. కానీ నీలాంటివాళ్లు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారన్న నమ్మకంతో నడిచే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్లు నిండాలంటే పిల్లలు కావాలి. వాళ్లను ఎవరో ఎక్కడినుంచో తేవాలి. ఎలా తెచ్చారో నేపాల్ సంగతే చెబుతాను, నువ్వు వెళ్లబోయేది అక్కడికే కదా.

నేపాల్‌కు వాయవ్య మూలన, టిబెట్ సరిహద్దులో హుమ్లా అనే జిల్లా ఉంది. జిల్లా కేంద్రం సిమికోట్. చాలాకాలం దానికి మోటారు రోడ్డే లేదు. వెళ్లాలంటే చిన్న విమానం ఎక్కాలి, లేదా రోజుల తరబడి నడవాలి. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం సాగినప్పుడు అక్కడి తల్లిదండ్రులను రెండు భయాలు పట్టుకున్నాయి. బడి చదువు ఎటూ లేకుండా పోతుందని ఒకటి, పిల్లలను దళంలోకి పట్టుకుపోతారని ఇంకొకటి. సరిగ్గా అప్పుడే దళారులు వచ్చారు. ‘కాఠ్మాండూలో బోర్డింగ్ స్కూల్లో వేస్తాం, తిండీ బట్టా మావే’ అన్నారు. ఊరికే తీసుకెళ్లలేదు, తల్లిదండ్రుల దగ్గరే డబ్బు పుచ్చుకున్నారు. పొలం అమ్మి, గొడ్డూ గోదా అమ్మి ఇచ్చినవాళ్లు ఉన్నారు. పిల్లలు పట్నం చేరాక తండ్రి బతికుండగానే ఆయన పేరిట మరణ ధ్రువపత్రం పుట్టింది. కొందరి పేర్లు మారాయి. ఎవరైనా అడిగితే అమ్మానాన్నా లేరని చెప్పమని నేర్పారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇలాంటి పిల్లలను కాగితం అనాథలు అంటారు.

వాళ్లకు ఇంత శ్రమ ఎందుకంటే, అనాథ అన్న పేరుకు గిరాకీ ఉంది కాబట్టి. మొదట్లో ఆ గిరాకీ విదేశీ దత్తతలది. పిల్లలను తల్లిదండ్రులు వదిలేశారని చూపించే కాగితాలు నమ్మేలా లేవని 2010 ఆగస్టులో అమెరికా అలాంటి కొత్త దత్తత కేసులు తీసుకోవడం ఆపేసింది. కానీ ఆ పాటికే చందాలిచ్చే యాత్రికులు, ఫీజు కట్టి మరీ సేవ చేసే వాలంటీర్లు వచ్చేశారు. నేపాల్‌లో 75 జిల్లాలున్న రోజుల్లో, దాదాపు 90 శాతం బాలగృహాలు ఐదే ఐదు జిల్లాల్లో ఉండేవి: కాఠ్మాండూ, లలిత్‌పుర్, భక్తపుర్, చిత్వన్, ఇక పోఖరా ఉన్న కాస్కీ. యుద్ధం నలిపేసింది హుమ్లా ఉన్న కర్నాలీ కొండల్ని, కరువు ఉన్నదీ అక్కడే. ఆశ్రమాలు మాత్రం విమానాలు దిగేచోట, ట్రెక్కింగ్ మొదలయ్యేచోట లేచాయి. నువ్వు ఎంచుకున్న ఊరు ఈ జాబితాలో ఉందని గమనించావు కదా.

నేపాల్ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో కనీసం 85 శాతం మందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి తొమ్మిది వేల మంది దాకా చనిపోయారు. అప్పుడు నేపాల్ ప్రభుత్వం చేసిన పనుల్లో ఒకటి చెబుతాను, దాంతోనే విషయం అర్థమవుతుంది. తల్లిదండ్రులో, అనుమతి ఉన్న సంరక్షకులో వెంట లేకుండా పిల్లలను జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది. కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. భూకంపం వచ్చిన దేశంలో అనాథాశ్రమాలు పెరగాలి కదా అని మనకనిపిస్తుంది. జాలి పొంగినప్పుడే దళారులు బయల్దేరతారని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

ఇది నేపాల్ ఒక్కదాని కథ కాదు. అంకోర్ గుళ్లు చూడ్డానికి జనం పోటెత్తే కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్లలో అక్కడ అంతమంది తల్లిదండ్రులు చచ్చిపోలేదు, పెరిగింది పర్యాటకులే. ‘పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు’ అని 2011లో అక్కడ పోస్టర్లు వేసి ప్రచారం చేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు, ఆశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని కూడా అందులో భాగంగానే చూసింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానం, అనాథాశ్రమాల్లో వాలంటీర్ టూరిజం వల్ల పిల్లల అక్రమ రవాణాకు దారి తీసే ప్రమాదం ఉందని స్పష్టంగానే అంది.

మన దగ్గర ఇలాంటివి ఉండవనుకోకు. 1999లో, మళ్లీ 2001లో నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు లంబాడీ తండాల కథలు పేపర్లలో వచ్చాయి. అప్పటికి నువ్వు చాలా చిన్నదానివి, మీ అమ్మకు గుర్తుండొచ్చు. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇంటికి మధ్యవర్తి వెళ్లడం, చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టడం, ఆ పసికందును హైదరాబాద్‌లో ఏదో ఒక ‘హోమ్’కు చేర్చడం, అక్కడినుంచి విదేశీ దత్తతకు కాగితాలు నడపడం. తండాలో చేతులు మారింది వందలో వేలో, అవతల చివర వచ్చింది డాలర్లు. ఆ పిల్లలను తీసుకున్న విదేశీ దంపతుల్లో ఎక్కువమంది మంచివాళ్లే అయి ఉంటారు. బిడ్డ కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లు, ప్రేమగానే పెంచి ఉంటారు. వాళ్ల మంచితనం వల్ల తండాలో బేరం ఆగలేదు.

ఇప్పుడు నువ్వు ‘మేడమ్, నేను వెళ్లేది అలాంటి చోటు కాదేమో’ అంటావు. కాకపోవచ్చు. పోఖరాలో నిజాయితీగా నడిచే ఇళ్లూ ఉంటాయి. తల్లీతండ్రీ ఇద్దరూ పోయి, చుట్టాలు కూడా లేని పిల్లలు, సొంత ఇంట్లోనే హింస పడ్డ పిల్లలు, కన్నవాళ్లు చూసుకోలేని తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఏ దేశంలోనైనా ఉంటారు. వాళ్లకు ఒక ఇల్లు కావాలి. కానీ అలాంటి మంచి ఇంటికి ఒక గుర్తుంది: నాలుగు వారాల కోసం వచ్చే అపరిచితుల్ని అది లోపలికి రానివ్వదు.

నీ ఉత్తరంలో టీషర్ట్ సైజు దగ్గర నేను ఆగిపోయాను. చిన్నపిల్లలతో ఒకే కప్పు కింద నెల రోజులు ఉండబోయే మనిషిని వాళ్లు అడిగిన వివరం అది! పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగలేదు. మునుపు పనిచేసిన చోట నీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు అడగలేదు. పిల్లలతో ఎప్పుడైనా పనిచేశావా అని కూడా అడిగినట్టు లేదు. నువ్వు మంచిదానివని నాకు ఉత్తరం చదివితే అర్థమైంది, వాళ్లకు ఎలా అర్థమైంది? నిన్ను అడగనివాళ్లు నీ ముందు వచ్చిన మగాణ్నీ అడిగి ఉండరు, నీ తర్వాత రాబోయేవాణ్నీ అడగరు. సేవ పేరు చెప్పుకుని పిల్లలకు దగ్గరై, లైంగిక నేరాల్లో శిక్ష పడ్డ విదేశీయులు నేపాల్‌లో ఉన్నారు. మిగతా దేశాల వాళ్లు టూరిస్ట్ వీసా మీద వచ్చి వాలంటీర్ పని చేయకూడదని అక్కడ నిబంధన ఉంది. మన భారతీయులకు నేపాల్‌కు వీసానే అక్కర్లేదు. అంటే వడపోతలో ఉన్న ఆ ఒక్క జల్లెడ కూడా మన విషయంలో లేదన్నమాట.

కావాలంటే వాళ్లను పరీక్షించి చూడు. ఇక్కడ ఉన్న పిల్లల్లో ఎంతమందికి అమ్మో నాన్నో ఉన్నారు, వాళ్లు చివరిసారి పిల్లల్ని ఎప్పుడు చూశారు, నిరుడు ఎంతమందిని తిరిగి ఇంటికి పంపారు అని అడుగు. నా ఫీజులో ఆ ఇంటికి చేరేదెంత, మధ్యలో ఏజెన్సీకి ఎంత అని అడుగు. పూర్తికాలం ఉండే స్థానిక సిబ్బంది ఎంతమంది, వాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారని అడుగు. ఇవేమీ గడుసు ప్రశ్నలు కావు. సరైన చోట పనిచేసే వార్డెన్ వీటికి రిజిస్టర్ చూడకుండానే జవాబు చెబుతుంది. జవాబుకు బదులు ఇంకో పది ఫొటోలు పంపారంటే నీకు సంగతి తెలిసిపోయినట్టే.

సరే, ఆ ఇల్లు అన్నివిధాలా మంచిదే అనుకుందాం. అప్పుడూ వెళ్లొద్దంటాను. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘ప్రేమగా ఉంటే చెడు ఎలా జరుగుతుంది’ అన్న నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఆశ్రమాలకు వెళ్లొచ్చినవాళ్లు అందరూ ఒక మాట చెబుతారు. ‘వెళ్లగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నారండీ, వదిలితేనా!’ చెబుతున్నప్పుడు వాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. అమ్మ దగ్గర పెరిగే పిల్ల ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే అమ్మ కొంగు వెనక్కి పోతుంది. అక్కడినుంచి తొంగి చూస్తుంది, బిస్కెట్ ఇచ్చినా అమ్మ మొహం చూశాకే చెయ్యి చాపుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి మెడకు చుట్టుకోవడం పిల్లల లక్షణం కాదు, వాళ్లకు ఏదో లోటు జరిగిందనడానికి లక్షణం.

దీని మీద గట్టి పరిశోధన జరిగింది రొమేనియాలో. అక్కడి నియంత చౌషెస్కూ ప్రభుత్వం 1989లో కూలిపోయాక అక్కడి ఆశ్రమాల్లో వేలకొద్దీ పిల్లలు బయటపడ్డారు. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలతో అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు, మిగతా సగం మంది విషయంలో అప్పటిదాకా నడుస్తున్న పద్ధతే సాగింది. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు ఎక్కువగా కోలుకున్నారు. తర్వాత, పిల్లలకు దాదాపు నాలుగున్నరేళ్లు వచ్చినప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టారు. పెంచే మనిషి పక్కనే ఉండగా కొత్త మనిషి తలుపు తట్టి, ‘నాతో రా, ఒకటి చూపిస్తా’ అంటుంది. ఇళ్లలో పెరిగిన పిల్లలతో పోలిస్తే, ఆశ్రమంలో గడిపిన పిల్లలు చాలా ఎక్కువమంది వెనక్కి కూడా చూడకుండా ఆమె వెంట నడిచారు. ఇప్పుడు ఆ తలుపు తట్టేది దళారి అయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పిల్లల దగ్గరికి నెలకొకరు వస్తారు. వచ్చినవాళ్లు గొప్పగా ప్రేమిస్తారు, ఎత్తుకుంటారు, జడలు వేస్తారు, వెళ్లేరోజు భోరున ఏడుస్తారు, ఫోన్ చేస్తామంటారు. ఆ తర్వాతి సోమవారం ఇంకొకరు దిగుతారు. నువ్వు హాస్టల్లో చదివావు కాబట్టి నీకు నేను చెప్పాలా? పేరెంట్స్ వచ్చే ఆదివారం గేటు దగ్గర నిలబడి ఎదురుచూసింది మీ అమ్మ కోసం. ఆమె ఆలస్యంగా వచ్చినా, గిన్నెలో తెచ్చిన పులిహోర చల్లారిపోయినా, వచ్చింది మీ అమ్మే. ఆమె రావాల్సిన ఆదివారం ప్రతిసారీ ఒక కొత్త అక్క టీషర్ట్ వేసుకుని వచ్చి ‘ఐ లవ్యూ’ అంటే నీకెలా ఉండేది?

ఇది రాస్తుంటే మన ఊళ్లలో పుట్టినరోజుల తంతు గుర్తొస్తోంది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇప్పుడిది మామూలైపోయింది. బాబు మొదటి పుట్టినరోజుకో, నాన్నగారి సంవత్సరీకానికో ఆశ్రమంలో భోజనాలు పెట్టడం. అన్నం పెట్టడాన్ని నేనేమీ అనను. కానీ వరసగా కూచోబెట్టి, ఎవరో తెలియని బాబుకు హ్యాపీ బర్త్‌డే పాడించి, కేకు ముక్క నోట్లో పెడుతూ ఫొటో తీసి స్టేటస్ పెట్టడం చూస్తే ఒళ్లు మండుతుంది. రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు మీడియాలో బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఫోన్ చేతిలో ఉన్న ఎంతమందికి ఆ సంగతి గుర్తుంటుంది! సరే, దారి తప్పాను.

‘మరి అందరూ మానేస్తే ఆ పిల్లల్ని చూసేదెవరు?’ ఇది నీ ఉత్తరంలో అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న. ఒక్కసారిగా డబ్బు ఆగిపోతే ముందు కడుపు మాడేది పిల్లలకే, యజమానికి కాదు. అందుకే పిల్లలను రేపే బయటికి పంపేయండి అని తెలివైనవాళ్లెవరూ అనరు. ఒక్కొక్కరి ఇల్లు వెతకాలి, అమ్మానాన్నలతో మాట్లాడాలి, ఊళ్లో బడి ఉందో లేదో చూడాలి, తీసుకెళ్లాక కూడా ఏళ్ల తరబడి వెళ్లి చూసి రావాలి. నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ 2006 నుంచి చేసింది ఈ పనే. ఒక ఫొటో పట్టుకుని కొండల్లో రోజుల తరబడి నడిచి, ఈ పిల్ల మీ పిల్లేనా అని అడగడం. ఈ పనిని నేపాలీ మాట్లాడే, ఆ కొండదారులు తెలిసిన, జీతం తీసుకుని ఏళ్లపాటు అంటిపెట్టుకుని ఉండే మనుషులే చేయగలరు. నువ్వు కట్టే ఫీజులో విమానం, పికప్, సిటీ టూర్ పోగా మిగిలేదానికంటే, ఇలాంటి మనుషుల జీతానికి వెళ్లే రూపాయి ఎక్కువ పని చేస్తుంది. అలాంటివాళ్లు దొరికిన చోట పిల్లలకు దిక్కు లేకుండా పోదు.

ఇక ఆ పాప.

ఈ భాగం రాయడమే నాకు కష్టంగా ఉంది. నీ గురించి ఏమీ తెలియకుండా, డబ్బు ఇంకా సగం రావాల్సి ఉండగా, తొమ్మిదేళ్ల పిల్లను వారానికోసారి నీ ముందు కూర్చోబెట్టినవాళ్లు ఆ పిల్లను ఎలా వాడుకుంటున్నారో ఆలోచించు. నువ్వు మనసు మార్చుకోకుండా ఉండటానికి ఆ కాల్ ఉంది. అయినా పిల్ల పిల్లే, అడిగిన ప్రశ్న నిజమైనదే. చెప్పకుండా ఫోన్ ఎత్తడం మానేయకు. ఒక్కసారి మాట్లాడు, పక్కన అక్కడి ఆంటీ ఎవరైనా ఉండేలా చూడమను. హిందీలో చిన్న మాటలతో, నేను రావడం లేదమ్మా, అది నీవల్ల కాదు, నీతో మాట్లాడటం నాకు బాగుంది అని చెప్పు. వచ్చే ఏడాది వస్తానని అనకు. మళ్లీ ఫోన్ చేస్తానని కూడా అనకు. ఆ పాప పేరు మీద బొమ్మలూ డబ్బులూ పంపకు, దాని స్క్రీన్‌షాట్ ఎక్కడా పెట్టకు. అమ్మ ఉందా, ఊరేది అని పిల్లను గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ ప్రశ్న వేయాల్సింది పెద్దవాళ్లను. తానంతట తాను అమ్మ గురించో ఊరి గురించో ఏమైనా చెప్పి ఉంటే మాత్రం, తేదీతో సహా రాసిపెట్టుకో. అక్కడ ఏదో తేడాగా ఉందని నీకనిపిస్తే నేపాల్‌లో జాతీయ బాలల హక్కుల పరిషత్తు ఉంది, దానికి రాయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు అక్కడా మన దగ్గరలాగే 1098, కాకపోతే అది ఆ దేశంలోంచి చేయాల్సిన నంబరు.

నీ దగ్గర రెండు నెలలున్నాయి, సగం డబ్బుంది, పిల్లల మీద మనసుంది. వాటిని ఏం చేయాలో చెప్పకుండా వద్దు వద్దు అంటే నా జవాబు సగమే.

నేపాల్ వెళ్లు. ఎందుకు మానాలి? పోఖరా నుంచి ఘాంద్రుక్ వెళ్లు, గురుంగుల ఊరు, అన్నపూర్ణ కొండలు ఎదురుగా ఉంటాయి. లేదా స్యాంగ్జా జిల్లాలో సిరుబారి అని ఊరుంది, 1997 నుంచి ఇళ్లలో అతిథుల్ని పెట్టుకుంటున్నారు. అక్కడ ఉండు, వాళ్లు పెట్టింది తిను, ఇచ్చే డబ్బు ఆ ఇంటి ఆమె చేతిలోనే పెట్టు. ఆ ఇంట్లో పిల్లలు సాయంత్రం బడి నుంచి వస్తారు. వాళ్లు నిన్ను చూసి సిగ్గుపడి లోపలికి పారిపోతే సంతోషించు. కొండ ఊళ్లో ఒక ఇంటికి ఆదాయం ఉంటే ఆ ఇంటి పిల్లను దళారి చేతికి ఇవ్వాల్సిన అవసరం కాస్త తగ్గుతుంది. యాత్రికురాలిగా నువ్వు చేయగలిగిన సేవ అంతే, అది తక్కువేమీ కాదు.

డబ్బు సంగతి. పిల్లలను సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలని మన జువెనైల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. అందుకే పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ అని ఒకటి పెట్టారు. భర్త పోయిన తల్లి పిల్లను హాస్టల్లోనో ఆశ్రమంలోనో వదలకుండా తన దగ్గరే ఉంచుకుని చదివించుకోవడానికి నెలకు 4,000 రూపాయలు. ప్రభుత్వ సొమ్మే కాకుండా వ్యక్తులు కూడా ఇలా స్పాన్సర్ చేయడానికి అందులో వీలుంది. నీ 68,000 అంటే ఒక పిల్ల అమ్మ దగ్గర ఉండటానికి 17 నెలలు. ఏ జిల్లాలోనైనా బాలల సంరక్షణ విభాగం ఆఫీసు ఉంటుంది, అక్కడికి వెళ్లి అడుగు. మొదటిసారి వెళ్తే సార్ మీటింగ్‌లో ఉంటారు, రెండోసారి వెళ్లు.

ఇక నీ సమయం. నేనైతే నిన్ను పిల్లల దగ్గరికి పంపను, పిల్లలుగా ఉండటం అయిపోయినవాళ్ల దగ్గరికి పంపుతాను. ఆశ్రమంలో పెరిగిన పిల్లకు పద్దెనిమిది నిండితే ఆ ఇల్లు వదలాలి. 21 ఏళ్ల దాకా సాయం అందించాలని చట్టంలో ఉంది, కానీ కాగితం మీది సాయానికీ అమీర్‌పేటలో హాస్టల్ బెడ్ వెతుక్కునే అమ్మాయికీ మధ్య చాలా దూరం. చిరునామా లేక ఆధార్ మార్చుకోలేదు. రెజ్యూమేలో పర్మనెంట్ అడ్రస్ దగ్గర ఏం రాయాలో తెలియదు. ఇంటర్వ్యూలో ‘మీ నాన్నగారు ఏం చేస్తారు’ అంటే గొంతు పెగలదు. జీతం వచ్చిన మొదటి నెలలోనే ఎవరో అప్పడిగితే ఇచ్చేస్తుంది, కాదనడం నేర్పినవాళ్లు లేరు. వాళ్లలో ఒక్కరికి, ఒక్కరికే, నువ్వు టెస్టింగ్ నేర్పు. టెస్ట్ కేసులు రాయడం, బగ్ రిపోర్ట్ చేయడం, ఇంటర్వ్యూకు తయారు కావడం. డిగ్రీ పెద్దది లేకపోయినా పట్టుదల ఉంటే ఆ దారిలో ఉద్యోగం దొరికే అవకాశం ఉందని నాకంటే నీకే బాగా తెలుసు. కొత్త ఉద్యోగంలో చేరాక కూడా రెండు వారాలకోసారి ఆదివారం కలవగలవు. ఏడాది, రెండేళ్లు, మానకుండా. మొదలుపెట్టే ముందు ఆ బాలల సంరక్షణ ఆఫీసువాళ్లు నిన్ను పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు. విసుక్కోకు. పోఖరావాళ్లు అడగాల్సింది అదే.

అమ్మకు ఎలా చెప్పాలా అని మథనపడకు. నిన్ను హాస్టల్లో వేసినావిడ ఆమె. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆ హాస్టల్ వాళ్లు నీకు అమ్మానాన్నా లేరని కాగితం రాయించి, నీ ఫొటో పెట్టి చందాలు పోగేస్తే ఊరుకునేదానివా అని అడుగు. హుమ్లా తల్లి గురించి ఆ తర్వాత చెప్పు. పుణ్యం సంగతి ఆమే తేల్చుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఈ రాత్రికే వాళ్లకు మెయిల్ పెట్టు, ఫోన్‌లో వద్దు. ప్రోగ్రాం రద్దు చేసుకుంటున్నానని, కట్టిన 34,000 తిరిగి ఇవ్వమని, ఇవ్వలేకపోతే పిల్లలతో సంబంధం లేని ఇంకో పనికి మార్చమని రాయి. పైన చెప్పిన ప్రశ్నలు కూడా అందులోనే పెట్టు, జవాబుకు వారం గడువివ్వు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకును కూడా అడిగి చూడు. ఏమీ రాకపోతే ఆ సగం పోయిందనుకో, దాన్ని రాబట్టుకోవడం కోసం మాత్రం వెళ్లకు. డబ్బు కట్టినప్పుడు వాళ్లు పంపిన షరతుల కాగితం నీ దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని నాకు పంపితే రద్దు నిబంధనలు చదివి చెబుతాను.